ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు పని చేసే ముందు దాని మంచిచెడ్డలు ఎలా చూడాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది, పైథాన్ మీద పట్టు ఉంది, ఓపెన్ సోర్స్‌లో పని చేయాలని ఉంది. గిట్‌హబ్‌లో వేల స్టార్లున్న ఒక లైబ్రరీని ఎంచుకొని, అందులో ఒక బగ్‌ను సరిచేసి పుల్ రిక్వెస్ట్ (మీ మార్పును చేర్చుకోమనే అభ్యర్థన) పంపారు; రెండు నెలలు గడిచినా ఎవరూ పలకలేదు. ఇప్పుడు ఒక కంపెనీ నడుపుతున్న డేటాబేస్ ప్రాజెక్టు, ఇద్దరు విద్యార్థులు తయారు చేస్తున్న తెలుగు స్పెల్‌చెకర్ మీ దృష్టిలో ఉన్నాయి. మళ్లీ శ్రమ వృథా కాకుండా, పని మొదలుపెట్టక ముందే ప్రాజెక్టు ఎలాంటిదో ఎలా తెలుసుకోవాలని అడిగారు.

సూటిగా చెబుతాను. స్టార్లను పక్కన పెట్టి, ఆ ప్రాజెక్టులో మూసేసిన పుల్ రిక్వెస్టుల జాబితా తెరవండి; బయటివాళ్లు పంపినవాటిలో చివరి ఇరవై ముప్పై ఏమయ్యాయో చదవండి. గంటసేపటి పని అది. ముక్కూ మొహం తెలియని మనిషి పంపిన పనిని ఆ ప్రాజెక్టు ఎలా చూస్తుందో అక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్లో అందరికీ స్వాగతమని ఎవరైనా రాసుకోవచ్చు; రేపు మీ ప్యాచ్ (కోడ్‌లో మీరు చేసిన మార్పు) గతి ఏమవుతుందో చెప్పేది మాత్రం నిన్న మరొకరి ప్యాచ్‌కు పట్టిన గతే. లైసెన్స్, యాజమాన్యం, బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చడం) కూడా చూడాలి, వాటి గురించి కింద రాస్తాను. అయితే ఈ ఒక్క పరీక్షలో నిలవని ప్రాజెక్టుకు, మిగతావన్నీ బాగున్నా నేను సమయం పెట్టను.

స్టార్లు ఆ సాఫ్ట్‌వేర్ ఎంతమందికి నచ్చిందో చెబుతాయి తప్ప, వచ్చిన ప్యాచ్‌లను కూర్చొని చదివేవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పవు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్‌కు గిట్‌హబ్‌లో ఉన్నది నకలు మాత్రమే. అక్కడ పుల్ రిక్వెస్ట్ పెడితే ఎవరూ తీసుకోరు. కెర్నెల్ ప్యాచ్‌లు ఈమెయిల్‌లో, మెయింటైనర్స్ అనే ఫైల్లో ఆయా విభాగాలకు పేర్కొన్న వారికి వెళ్లాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌దీ అదే పద్ధతి: ప్యాచ్‌ను హ్యాకర్స్ మెయిలింగ్ లిస్టుకు పంపి, కమిట్‌ఫెస్ట్ అనే రివ్యూ జాబితాలో నమోదు చేయాలి. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ సంగతి ఇంకా వేరు. దాని కోడ్ పబ్లిక్ డొమైన్‌లో ఉంది, మన ఫోన్లన్నిటిలోనూ పనిచేస్తోంది, కానీ బయటివారి కోడ్‌ను సాధారణంగా తీసుకోమని వాళ్ల వెబ్‌సైట్లోనే స్పష్టంగా రాసి ఉంది. ఈ మూడింటి నాణ్యతలో వంక పెట్టడానికి లేదు. గిట్‌హబ్‌లో ఆకుపచ్చ బటన్ నొక్కి ఊరుకునే కొత్తవారికి మాత్రం మూడూ మూసిన తలుపులే. అందుకే మొదట చదవాల్సింది పని ఎలా పంపాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైల్. అది లేకపోతే పని ఏ దారిన లోపలికి వెళుతోందో కమిట్ల (చేర్చిన మార్పుల) చరిత్రలో చూడాలి.

ఇక మూసేసిన పుల్ రిక్వెస్టులను చదివే పద్ధతి. ముందుగా బాట్లు (తమంతట తామే నడిచే ప్రోగ్రాములు) పంపినవాటిని తీసేయండి. డిపెండబాట్ వంటివి లైబ్రరీల వెర్షన్లు పెంచుతూ రోజూ పంపే అభ్యర్థనల వల్ల జాబితా నిండుగా, ప్రాజెక్టు కళకళలాడుతున్నట్టు కనిపిస్తుంది. వాటిని వడగడితే మిగిలేది చాలాచోట్ల కొంచెమే. తర్వాత జట్టు సభ్యులు తమలో తాము పంపుకున్నవి తీసేయండి. రాసినవారి పేరు పక్కన మెంబర్, కొలాబరేటర్ అన్న గుర్తులు ఉంటాయి కాబట్టి ఇది కష్టం కాదు. మిగిలినవాటిలో మూడు సంగతులు గమనించండి: మనిషి రాసిన మొదటి జవాబు ఎప్పుడొచ్చింది, ఆ జవాబు కోడ్ గురించా లేక మర్యాదకు ఒక మాటా, చేర్చకుండా మూసినప్పుడు కారణం చెప్పారా లేదా. ఎన్నిటిని చేర్చుకున్నారన్న లెక్కకు నేను అంత విలువ ఇవ్వను. పదింటిలో ఆరింటిని తిరస్కరించినా, ఆరింటికీ కారణం రాసిన ప్రాజెక్టు నా దృష్టిలో చాలా మంచిది. అన్నిటినీ చూడకుండా చేర్చుకునే ప్రాజెక్టు కంటే అక్కడ నేర్చుకునేది ఎక్కువ ఉంటుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. పీడీఎఫ్ నుంచి పాఠాన్ని బయటకు తీసే ఒక లైబ్రరీలో నేను చాలాకాలంగా పని చేస్తున్నాను. నేను చేరకముందు అక్కడ చదివిన ఒక పుల్ రిక్వెస్ట్ ఇది. తెలుగు పీడీఎఫ్ నుంచి "స్త్రీ" అన్న మాటను కాపీ చేస్తే గుడిదీర్ఘం ముందుకు, వత్తులు వెనక్కి వెళ్లి "సీ్త్ర" అని వచ్చేది. ఫాంట్‌లో గుడిదీర్ఘం సకారానికి అతుక్కొని ఉంటుంది, వత్తులు విడి గ్లిఫ్‌లుగా (ఫాంట్‌లోని అక్షర రూపాలుగా) దాని తర్వాత వస్తాయి. లైబ్రరీ గ్లిఫ్‌లను పేజీ మీద ఉన్న వరుసలోనే అక్షరాలుగా మార్చేయడంతో క్రమం తప్పేది. కొత్తవారొకరు దీన్ని సరిచేస్తూ కొన్ని వరుసల కోడ్ పంపారు. మెయింటైనర్‌కు, అంటే ఆ ప్రాజెక్టును చూసుకునే వ్యక్తికి, తెలుగు రాదు. అయినా నాలుగో రోజున ఇలా జవాబిచ్చారు: ఈ మార్పు మీరిచ్చిన ఫాంట్‌కు సరిపోతుంది, గ్లిఫ్‌లకు వేరే పేర్లున్న ఫాంట్‌లో విఫలమవుతుందని అనుమానం, లోహిత్ తెలుగు ఫాంట్‌తో ఒక చిన్న పీడీఎఫ్ తయారుచేసి ఫలానా ఫోల్డర్లో టెస్టుగా చేర్చగలరా, కన్నడకు రాసిన టెస్టు ఇదిగో, దీన్ని నమూనాగా తీసుకోండి. పంపినవారు టెస్టు చేర్చారు, అది నిజంగానే విఫలమైంది, కోడ్‌ను మళ్లీ సవరించారు, చివరికి అది తర్వాతి విడుదలలో వచ్చింది. తనకు రాని భాషలోని బగ్ గురించి ఒక మనిషి అంత శ్రద్ధగా ఆలోచించాడంటే అక్కడ మన పని భద్రంగా ఉంటుందని నమ్మి నేను ఆ ప్రాజెక్టులో చేరాను.

దీనికి పూర్తిగా భిన్నమైన దృశ్యం కూడా తరచుగా కనిపిస్తుంది. కొత్తవారు టెస్టులతో సహా చక్కటి మార్పు పంపుతారు, ఎవరూ పలకరు. కొన్నాళ్లకు ఇందులో కదలిక లేదని బాట్ ఒక గుర్తు తగిలిస్తుంది. పంపినవారు "నేను సిద్ధంగా ఉన్నాను, రివ్యూ కోసం చూస్తున్నాను" అని రాస్తారు, గుర్తు పోతుంది, మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ బాట్, చివరికి మూత. గిట్‌హబ్‌లో విరివిగా వాడే స్టేల్ అనే సాధనం, ఎవరూ సెట్టింగులు మార్చకపోతే, 60 రోజులకు గుర్తు తగిలించి మరో 7 రోజులకు మూసేస్తుంది. బాట్ మూసినవాటిని జవాబు వచ్చినవాటిలో కలపకండి. జాబితాలో ఇవే ఎక్కువగా ఉంటే, ఆ ప్రాజెక్టులో కోడ్ రాసేవాళ్లు ఉన్నారు, చదివేవాళ్లు లేరని అర్థం. మీరు మొదట పంపిన లైబ్రరీలో జరిగింది ఇదేనని నా అంచనా. మీ ప్యాచ్‌లో లోపం ఉందని ఇంతలోనే అనుకోవద్దు.

రెండో ప్రశ్న: చేర్చే అధికారం ఎవరి చేతిలో ఉంది, వాళ్లు ఎంతమంది? రిపోజిటరీని (ప్రాజెక్టు కోడ్ మొత్తం ఉండే చోటును) దించుకొని, గిట్‌లోని షార్ట్‌లాగ్ ఆదేశంతో గత ఏడాది కమిట్లను మనుషుల వారీగా లెక్క తీయండి. ఒక్కరి పేరు మీదే దాదాపు అంతా ఉంటే ఆ ఒక్కరి ఓపిక మీదే ప్రాజెక్టు నిలబడి ఉంది. అలాంటివాటిని వదిలేయమని నేను అనను. మనం రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం అలాంటి ఒంటరి మనుషుల చేతుల మీదుగానే వస్తోంది. వెళ్లేముందు ఆ పరిస్థితి ఏమిటో తెలిసి ఉండాలి, అంతే.

ఎక్స్‌జెడ్ ఉదంతం మీరు వినే ఉంటారు. లినక్స్‌లో ఫైళ్లను కుదించే ఆ సాధనాన్ని ఏళ్ల తరబడి ప్రధానంగా ఒక్కరే చూసుకునేవారు. 2021 చివర్లో జియా టాన్ అనే పేరుతో ఒకరు చిన్న చిన్న ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. 2022లో మరికొన్ని పేర్లతో మెయిలింగ్ లిస్టులో ఒత్తిడి వచ్చింది: ప్యాచ్‌లు ఎందుకు ఆలస్యమవుతున్నాయి, ఇంకొకరికి అధికారం ఎందుకు ఇవ్వరు అని. అలసిపోయి ఉన్న మెయింటైనర్ అధికారం పంచుకున్నారు. 2024 ఫిబ్రవరిలో విడుదలైన 5.6.0లో, తర్వాత 5.6.1లో దొంగదారి కోడ్ వచ్చింది. దూరంగా ఉన్న కంప్యూటర్లోకి వెళ్లడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ మార్చి 29న దాన్ని బయటపెట్టారు. ఆ కోడ్‌ను మేల్కొలిపే బిల్డ్ ఫైలు గిట్ రిపోజిటరీలో లేదు, విడుదల చేసిన టార్ ఫైళ్లలో (కోడ్ మూటల్లో) మాత్రమే ఉంది.

కొత్తగా పని చేయబోయేవారు దీని నుంచి గ్రహించాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఈమధ్యే అధికారం చేతులు మారిన చిన్న ప్రాజెక్టు అయితే కొత్త మెయింటైనర్ చేసిన మార్పులను మీరే కొంత చదవండి. మీ కంప్యూటర్లో నడవబోయేది ఆ కోడే. రెండోది, అప్పటి నుంచీ ఒంటరి మెయింటైనర్లు అపరిచితులను కొంత అనుమానంగా చూస్తున్నారు, అది న్యాయమే. పెద్ద మార్పుతో వెళ్లకుండా ముందు ఇష్యూలో (ప్రాజెక్టు పేజీలో తెరిచే చర్చలో) అడిగి, ఒకే పని చేసే చిన్న ప్యాచ్‌ను టెస్టుతో పంపితే చదివే భారం తగ్గుతుంది. తొందరపెట్టడం మాత్రం అక్కడ చేయరాని పని.

కమిట్లు ఆగిపోయాయంటే ప్రాజెక్టు చచ్చిపోయిందనీ తీర్మానించవద్దు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ రాసిన టెక్ అక్షరకూర్పు వ్యవస్థలో 2014లో ఒకసారి, 2021లో ఒకసారి బగ్‌లు సవరించారు. మధ్యలో అది నిక్షేపంగా పనిచేస్తూనే ఉంది. ఒక చిన్న పని చేసే లైబ్రరీ ఆ పనిని పూర్తి చేసి ఉంటే ప్రశాంతంగా ఉండటం సహజం. ఇక్కడ చూడాల్సింది కమిట్ తేదీ కాదు, చివరగా వచ్చిన బగ్ రిపోర్టుకు జవాబు వచ్చిందా లేదా అన్నది. దీనికి తిరగేసిన పరిస్థితి కూడా ఉంటుంది. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయి లిబ్రేఆఫీస్ ఏర్పడినప్పుడు పాత పేరుకు ఖ్యాతి మిగిలింది, పనిచేసే చేతులు చాలావరకు కొత్త చోటికి వెళ్లాయి. మీరు ఎంచుకున్నదానికి ఇలా విడిపోయిన ఫోర్క్ ఏదైనా ఉంటే, మనుషులు ఎటు వెళ్లారో చూసి అటే వెళ్లండి.

ఇప్పుడు మీరడిగిన డేటాబేస్ ప్రాజెక్టు. కంపెనీ నడపడం తప్పేమీ కాదు. జీతం తీసుకొని రివ్యూ చేసేవాళ్లుంటే జవాబులు వేగంగా వస్తాయి, నాణ్యత గురించి నేర్చుకోవడానికీ వీలుంటుంది. చూడాల్సింది యాజమాన్యం. రెడిస్ అనే డేటాబేస్ 2024 మార్చిలో బీఎస్‌డీ లైసెన్స్ వదిలి, ఓపెన్ సోర్స్ నిర్వచనానికి సరిపోని లైసెన్సులకు మారింది. కొద్ది రోజుల్లోనే లినక్స్ ఫౌండేషన్ నీడలో వాల్కీ అనే ఫోర్క్ పుట్టింది. 2025 మేలో రెడిస్ తన 8వ వెర్షన్‌కు ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సును కూడా ఒక ఎంపికగా చేర్చింది. అంతకుముందు 2021లో ఎలాస్టిక్‌సెర్చ్ అనే శోధన సాధనం, 2023 ఆగస్టులో సర్వర్లను అమర్చే టెర్రాఫామ్ కూడా లైసెన్స్ మార్చాయి. వాటి నుంచి ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు వచ్చాయి. ఆ ప్రాజెక్టులకు ఏళ్ల తరబడి ఉచితంగా పని చేసినవాళ్లలో చాలామంది తమ శ్రమ తమకు నచ్చని షరతుల కిందికి వెళ్లడం చూసి బాధపడ్డారు, అందులో నాకు తెలిసినవాళ్లూ ఉన్నారు.

ముందే పసిగట్టడానికి రెండు పత్రాలు చదవాలి, లైసెన్సూ, కంట్రిబ్యూటర్ లైసెన్స్ ఒప్పందమూ. ఒప్పందం మీ కోడ్‌ను ఏ షరతుల మీదైనా తిరిగి లైసెన్స్ చేసే హక్కు కంపెనీకి ఇస్తుంటే, భవిష్యత్తులో మార్పుకు తలుపు తెరిచే ఉందన్నమాట. ఒప్పందం లేదు కాబట్టి భయం లేదనీ అనుకోకండి; బీఎస్‌డీ, ఎంఐటీ వంటి ఉదార లైసెన్సులు వాటికవే ఆ వీలు కల్పిస్తాయి. దీనికి విరుద్ధంగా లినక్స్ కెర్నెల్‌లో, మార్చిన కోడ్‌ను కూడా అదే షరతులతో పంచమనే జీపీఎల్ లైసెన్స్ ఉంది, కాపీరైట్ వేలమంది దగ్గర చెల్లాచెదురుగా ఉంది, ఒప్పందం బదులు ప్రతి ప్యాచ్ కింద 2004 నుంచి వస్తున్న సైన్డ్-ఆఫ్-బై అనే ఒక్క ధ్రువీకరణ పంక్తి ఉంటే చాలు. అక్కడ లైసెన్స్ మార్చడం ఆచరణలో జరగని పని. మీ డేటాబేస్ విషయంలో కమిట్లు చేసేవారి ఈమెయిల్ చిరునామాలు చూడండి. అందరూ ఒకే కంపెనీవారై, బయటివారి నుంచి డాక్యుమెంటేషన్ సవరణలు మాత్రమే తీసుకొని, అసలు నిర్ణయాలు కంపెనీ లోపలే జరుగుతుంటే, దాన్ని నేర్చుకునే చోటుగా వాడుకోండి, దీర్ఘకాలం పెట్టుబడి పెట్టే చోటుగా కాదు. ఇది నా అభిప్రాయం. అన్నీ తెలిసి ఇష్టపడి చేసేవారిని తప్పుపట్టను.

మీరు ఉద్యోగి కాబట్టి ఇంకో కాగితం కూడా చదవాలి, మీ నియామక ఒప్పందం. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన రచనకు మొదటి హక్కుదారు యజమానే; సాఫ్ట్‌వేర్ కూడా ఆ చట్టం దృష్టిలో రచనే. హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల ఒప్పందాలు చాలావరకు దీనికి మించి, ఉద్యోగ కాలంలో రాసినదంతా తమదేనన్నంత విశాలంగా ఉంటాయి. డేటాబేస్ ప్రాజెక్టు ఒప్పందంలోనేమో మీ యజమాని అనుమతి ఉందని మీరే హామీ ఇస్తూ సంతకం చేస్తారు. మేనేజర్‌కు ఒక ఈమెయిల్ రాసి, లిఖితపూర్వకంగా సరేననిపించుకొని, సొంత ల్యాప్‌టాప్ మీద పని చేయండి. అడిగితే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి.

పనికి దిగే ముందు చివరి పరీక్ష: ఒక్క అక్షరం కూడా మార్చకుండా కోడ్ దించుకొని, బిల్డ్ చేసి, టెస్టులు నడపండి. రాసి ఉన్న సూచనల ప్రకారం ఒక సాయంత్రంలో అది నడవకపోతే, లోపలివారికి మాత్రమే తెలిసిన సంగతులు చాలా ఉన్నాయని అర్థం. టెస్టులు విఫలమైతే ప్రధాన శాఖ మీద వాళ్ల సీఐ (ప్రతి మార్పుకూ టెస్టులను తనంతట తానే నడిపే వ్యవస్థ) ఏ రంగులో ఉందో చూడండి. వారాల తరబడి ఎరుపులోనే ఉంటే అటువైపు చూసేవారు లేరు. బిల్డ్ సూచనల్లో మీరు తడబడిన చోటును సవరించి పంపడం మొదటి పుల్ రిక్వెస్టుగా చాలా మంచిది. పాతవారికి ఆ గుంట కనిపించదు, మీకు కనిపించింది.

కొత్తవారికి అనువైన పనులకు తగిలించే గుడ్ ఫస్ట్ ఇష్యూ అన్న గుర్తు గురించి కూడా ఒక మాట. ఆ గుర్తు తగిలించిన తేదీ చూడండి. మూడేళ్ల కిందటిదై, కింద "ఇది నేను చేయవచ్చా" అని పదిమంది అడిగి వెళ్లిపోయి ఉంటే దాన్ని వదిలేయండి. పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే పోటీలో, 2020లో, టీషర్టు కోసం రీడ్‌మీలో ఒక మాట చేర్చి పంపినవారి తాకిడికి మెయింటైనర్లు విసిగిపోయి, ఆ పోటీనే ప్రాజెక్టుల సమ్మతి ఉన్నచోటికి పరిమితం చేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ విసుగు ఏఐ రాసిన ప్యాచ్‌ల మీద ఉంది. జెంటూ అనే లినక్స్ పంపిణీ 2024 ఏప్రిల్‌లో ఏఐ సాధనాలతో తయారైన కోడ్‌ను నిషేధించింది. మరికొన్ని ప్రాజెక్టులు వాడితే చెప్పమంటాయి. మీరు అలాంటి సాధనం వాడుతుంటే ఆ ప్రాజెక్టు నియమం ఏమిటో ముందే చదివి ఉండండి.

ఇక తెలుగు స్పెల్‌చెకర్. మీరిచ్చిన వివరాల్లో నాకు అన్నిటికంటే ఆశ కలిగించింది ఇదే. తెలుగు సాధనాల మీద పనిచేసే చేతులు చాలా తక్కువ. పెద్ద లైబ్రరీకి మీరు లేకపోయినా ఇంకొకరు వస్తారు, ఇక్కడ మీరు రాకపోతే ఆ పని అలాగే ఉండిపోవచ్చు. అందుకే తెలుగు ప్రాజెక్టుల విషయంలో నా కొలతలను నేను కొంత సడలిస్తాను. వాళ్లకు సీఐ లేకపోయినా, కాంట్రిబ్యూటింగ్ ఫైల్ లేకపోయినా ఫరవాలేదు, అవి మీరే పెట్టవచ్చు. స్థానికీకరణ (సాఫ్ట్‌వేర్‌ను మన భాషలోకి తేవడం) పనికీ ఇదే వర్తిస్తుంది, కానీ అక్కడ కూడా పలికే మనిషి ఉన్నాడో లేడో చూడాలి: మొజిల్లా అనువాద వేదిక పాంటూన్‌లో కొత్తవారి తెలుగు అనువాదాలు సూచనలుగానే ఉంటాయి, తెలుగు జట్టులో అనుమతించే హక్కున్నవారు చూస్తేనే ముందుకు కదులుతాయి.

మీరు చెప్పినదాన్ని బట్టి ఆ రిపోజిటరీలో లైసెన్స్ ఫైల్ లేదు. దీన్ని మాత్రం నేను సడలించను. కోడ్ అందరికీ కనిపిస్తున్నంత మాత్రాన ఓపెన్ సోర్స్ అవదు. లైసెన్స్ ఇవ్వకపోతే హక్కులన్నీ రాసినవారివే, మీరు దాన్ని మార్చి పంచడానికి అనుమతి లేనట్టే. దాంతోపాటు పదాల జాబితా ఎక్కడి నుంచి తెచ్చారో కూడా తెలియాలి. తెలుగు వికీపీడియా నుంచి తీసి ఉంటే దాని క్రియేటివ్ కామన్స్ షరతులున్నాయి, మూలాన్ని పేర్కొనాలి, అదే రకం లైసెన్స్ కింద పంచాలి. 1884లో మరణించిన సీపీ బ్రౌన్ నిఘంటువు నుంచైతే మన చట్టంలోని అరవై ఏళ్ల గడువు ఎప్పుడో తీరిపోయింది, నిశ్చింతగా వాడుకోవచ్చు. ఈమధ్య అచ్చయిన నిఘంటువును స్కాన్ చేసి తీసి ఉంటే ఆ జాబితా మీద ఎంత పని చేసినా పునాది నిలవదు.

కాబట్టి ఈ వారం చేయాల్సినవి ఇవి. మొదటి లైబ్రరీలో మీ పుల్ రిక్వెస్టును తాజా కోడ్ మీదకు తెచ్చి, "ఇంకా పనికొస్తుందనుకుంటే చూడగలరు" అని ఒక్కసారి మర్యాదగా రాసి వదిలేయండి. మీకు ఆ సవరణ అవసరమైతే మీ ఫోర్క్‌లో వాడుకోవడానికి లైసెన్స్ ఎలాగూ ఒప్పుకుంటుంది. స్పెల్‌చెకర్ రిపోజిటరీలో ఒక ఇష్యూ తెరిచి, నేను పని చేయాలనుకుంటున్నాను, ఏ లైసెన్స్ పెట్టదలిచారు, పదాల జాబితా ఎక్కడిది అని అడగండి. ఆ విద్యార్థులకు లైసెన్సుల సంగతి తెలియకపోవచ్చు, కాబట్టి ఎంఐటీకీ జీపీఎల్‌కూ తేడా రెండు మూడు వాక్యాల్లో మీరే రాయండి. పరీక్షల సమయమైతే ఒకటి రెండు వారాలు ఆగండి. వాళ్లు ఏ జవాబిచ్చారో ఇక్కడ రాస్తే, పదాల జాబితాను పరీక్షించే టెస్టులు ఎలా మొదలుపెట్టాలో వివరంగా చెబుతాను.